తిరుపతి వానలకు ఏ టైర్లు? ఘాట్ రోడ్డు మీద రెండు వానకాలాల అనుభవం

మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చలికాలం చలితో మొదలవదు, వానతో మొదలవుతుంది. దసరా వెళ్లి దీపావళి వచ్చేలోపు బంగాళాఖాతంలో మొదటి వాయుగుండం పుడుతుంది. అక్కడి నుంచి ధనుర్మాసం దాకా తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి, చిత్తూరు రోడ్లు తడి ఆరకుండా ఉంటాయి. అందుకే కారు టైర్లను తడిమి చూసుకోవలసిన నెల మనకు సెప్టెంబరు. నేను ఆ పనిని వాయిదా వేస్తూ పోయి, ఒక్క క్షణం పాటు కారు నా చేతిలో లేకుండా పోయిన తరువాత గానీ మేలుకోలేదు. ఆ తరువాత వేయించుకున్న మిషెలిన్ ఎనర్జీ ఎక్స్‌ఎం2 ప్లస్ టైర్ల మీద రెండు వానకాలాలు, సుమారు 14,000 కిలోమీటర్లు తిరిగాను. వాటి గురించీ, వాటిని ఎంచుకోవడానికి ముందు తెలుసుకోవలసి వచ్చిన విషయాల గురించీ ఈ సమీక్ష.

2024 అక్టోబరు మధ్యలో వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటిన వారం అది. కాణిపాకంలో దర్శనం చేసుకుని సాయంత్రం తిరిగి వస్తున్నాము. పూతలపట్టు దాటి తిరుపతి వైపు జాతీయ రహదారి మీద వాన కొంచెం తెరిపి ఇచ్చిందని 85 వేగంలో పోతున్నాను. రోడ్డు ఒక పక్కకు వాలిన చోట నీళ్లు చాపలాగా పరుచుకుని ఉన్నాయి. ఆ చాప మీదికి ఎక్కగానే స్టీరింగు దూదిలాగా తేలిక అయిపోయింది. చప్పుడు మారింది, ఇంజను వేగం ఒక్కసారిగా లేచింది, కారు నేను తిప్పని వైపుకు ఒక అడుగు జరిగింది. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, బ్రేకు తొక్కకుండా, స్టీరింగు కదపకుండా పట్టుకున్నాను. నీళ్లు దాటగానే చక్రాలు మళ్లీ రోడ్డును పట్టుకున్న కుదుపు నడుముకు తెలిసింది. వెనక సీట్లో కునుకు తీస్తున్న మా అమ్మ లేచి, "ఏమైందిరా నాయనా?" అని అడిగింది. పక్క వరుసలో ఆ క్షణాన లారీ లేకపోవడం మా అదృష్టం.

మరుసటి రోజు ఉదయం మేము ఎప్పుడూ గాలి పట్టించుకునే పంక్చరు దుకాణానికి తీసుకువెళ్లాను. నా కళ్లకు టైర్లు బాగానే కనిపిస్తున్నాయి, గీతలు స్పష్టంగా ఉన్నాయి. అతడు బొటనవేలి గోరు గీతలో పెట్టి చూసి, "గీతలుండాయి గానీ లోతు లేదు సార్, ఇంగ రెండు నెలల్లో గుండు అయిపోతాయి" అన్నాడు. లోతు కొలిచే చిన్న పరికరం ఒకటి తెప్పించుకుని కొలిస్తే ముందు చక్రాలకు 2.2 మిల్లీమీటర్లు, వెనక చక్రాలకు 2.9 వచ్చింది. అంతకన్నా సిగ్గు పడవలసిన సంగతి గాలిది. ముందు టైర్లలో గాలి పీడనం 26 పీఎస్ఐ మాత్రమే ఉంది.

చట్టం ప్రకారం నా టైర్లకు ఇంకా ఆయుష్షు ఉంది. మన మోటారు వాహనాల నియమాల్లో గీతల లోతుకు కనీస హద్దు 1.6 మిల్లీమీటర్లు. టైరు గీతల అడుగున అక్కడక్కడా అడ్డంగా ఉండే చిన్న దిమ్మెలు ఆ హద్దు చూపడానికే పెడతారు; పైనున్న రబ్బరు అరిగి దిమ్మెలకు సమానమైతే టైరు తీసివేయవలసిందే. కానీ ఆ హద్దు దొరికిపోకుండా ఉండడానికి సరిపోతుందేమో గానీ, కార్తీకమాసపు వానలో నీటిని తోసివేయడానికి సరిపోదు. మూడు మిల్లీమీటర్ల కన్నా తగ్గిన టైరును మన జిల్లాలో అక్టోబరులోకి తీసుకుపోకూడదని నా గట్టి అభిప్రాయం.

లోతు ఎందుకు అంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. రోడ్డు మీద మూడు మిల్లీమీటర్ల నీరు ఉందనుకుందాం. టైరు రోడ్డును తాకే వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో టైరు సెకనుకు 22 మీటర్లు ముందుకు పోతుంది. అంటే ప్రతి సెకనూ ఒక్కొక్క టైరు దాదాపు పది లీటర్ల నీటిని తన దారి నుంచి తప్పించాలి. బావి దగ్గర నిండు బిందెడు నీళ్లను ఒక్క సెకనులో పక్కకు తోయడం లాంటిది అది. ఆ నీళ్లు పోయే కాలువలే టైరు మీది గీతలు. కాలువ పూడిపోతే చెరువు కట్ట మీదికి నీళ్లు ఎక్కినట్టు, గీతలు అరిగిపోతే నీరు టైరు కిందికి చేరి దానిని పైకి ఎత్తుతుంది. ఒక్కో చక్రం రోడ్డును తాకే చోటు మన అరచేయి అంతే ఉంటుందని గుర్తు పెట్టుకుంటే, ఆ అరచేతి కింద నీటిపొర చేరడం ఎంత సులభమో ఊహించవచ్చు.

గాలి సంగతి కూడా ఇందులోనే ఉంది. విమానాల చక్రాలు తడి రన్‌వే మీద ఎందుకు తేలిపోతున్నాయో తెలుసుకోవడానికి 1960లలో నాసా చేసిన పరిశోధనల నుంచి ఒక సూత్రం వచ్చింది. గీతల్లో పట్టనంత నీరు నిలిచిన చోట చక్రం తేలిపోయే వేగం టైరులోని గాలి పీడనం మీద ఆధారపడుతుందని అది చెబుతుంది. ఆ లెక్కన 33 పీఎస్ఐ ఉన్న టైరు గంటకు 95 కిలోమీటర్లు దాటాక తేలితే, 26 మాత్రమే ఉన్న టైరు 85 దగ్గరే తేలుతుంది. పూతలపట్టు దగ్గర నేను పోతున్న వేగం సరిగ్గా అదే. ఈ సూత్రం కారు టైరుకు తు.చ. తప్పకుండా వర్తించదు, కానీ ఏ వైపు మొగ్గాలో మాత్రం స్పష్టంగా చూపుతుంది. వానలో పట్టు బాగుంటుందని గాలి తగ్గించి నడిపేవారు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. ఆ అలవాటు ఇసుకలో పనికివస్తుంది, నీటిలో అది ప్రమాదం.

కొత్త టైర్ల కోసం వెతకడం మొదలుపెట్టగానే ఎదురైన మొదటి గందరగోళం "వింటర్ టైర్లు" అన్న మాట. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న బంధువులు వీడియో కాల్‌లో మాట్లాడుతూ, చలికాలం వస్తోంది కదా, టైర్లు మార్చుకున్నారా అని అడుగుతారు. వారి దగ్గర అది అర్థమున్న ప్రశ్నే. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఆ టైర్ల రబ్బరు ఏడు డిగ్రీల కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో కూడా గట్టిపడకుండా మెత్తగా ఉండేలా తయారవుతుంది. టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉన్న గుర్తు ఉంటుంది. తిరుపతిలో జనవరి తెల్లవారుజామున కూడా అంత చలి రాదు. అంతటి మెత్తని రబ్బరు మన మే నెల ఎండలో, నలభై దాటిన వేడిలో, తారు మీద చాలా త్వరగా అరిగిపోతుంది, వేడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు ఆగే దూరం కూడా పెరుగుతుంది. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తులో ఉన్నా, అక్కడికి తరచుగా పోయేవారికి సైతం వాటి అవసరం లేదు. పెద్ద కార్ల టైర్ల మీద కనిపించే ఎం, ఎస్ అన్న అక్షరాలు చూసి ఇవి తడికి ప్రత్యేకమని ఒక అమ్మకందారు నాకు నచ్చజెప్పబోయాడు. బురదకూ మంచుకూ పనికివస్తుందని తయారీదారు తనకు తానుగా వేసుకునే గుర్తు అది. తడి తారు మీద బ్రేకు ఎలా పడుతుందో అది చెప్పదు.

మనకు కావలసింది తడి రోడ్డు మీద పట్టు. అది రెండు చోట్ల ఉంటుంది. ఒకటి గీతల లోతూ అమరికా, రెండోది రబ్బరు మిశ్రమం. లోతు కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని గురించి మాట్లాడతారు. మిశ్రమం కనిపించదు కాబట్టి ఎవరూ అడగరు. పాతకాలంలో రబ్బరుకు బలం ఇవ్వడానికి మసి మాత్రమే కలిపేవారు, టైరు నల్లగా ఉండేది అందుకే. 1992లో మిషెలిన్ సంస్థ మసికి బదులు చాలా మేరకు సిలికా కలిపిన టైర్లను మార్కెట్లోకి తెచ్చింది. సిలికా కలిసిన రబ్బరు తడి రోడ్డు మీది సన్నని గరుకుతనానికి చక్కగా అతుక్కుంటుంది, పైగా దొర్లేటప్పుడు తక్కువ శక్తిని తింటుంది కాబట్టి పెట్రోలూ కలిసివస్తుంది. తడిపట్టు పెంచితే మైలేజీ తగ్గడం, మైలేజీ పెంచితే పట్టు తగ్గడం అన్న పాత చిక్కు చాలావరకు సిలికాతో విడిపోయింది. ఇప్పుడు పేరున్న సంస్థలన్నీ దానిని వాడుతున్నాయి. గుడ్‌ఇయర్ కొన్ని టైర్లలో వాడే సిలికాను వరిపొట్టు బూడిద నుంచి తీస్తారని చదివినప్పుడు, శ్రీకాళహస్తి చుట్టుపక్కల రైస్‌మిల్లుల వెనక గుట్టలుగా పడి ఉండే బూడిదే కళ్ల ముందు మెదిలింది.

నా కారు మారుతి డిజైర్ పెట్రోలు, జడ్ఎక్స్ఐ రకం. టైరు పక్కన 185/65 ఆర్15 88హెచ్ అని ఉంటుంది. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది, ఆర్ అంటే రేడియల్ (టైరు లోపలి దారాల అమరిక పేరు), 15 అంటే అంగుళాల్లో రిమ్ము వ్యాసం. చివర ఉన్న 88 అంటే ఆ టైరు 560 కిలోల బరువు మోయగలదు, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకోగలదు. అందం కోసం ఇంతకన్నా వెడల్పు టైర్లు వేసుకునే కుర్రవాళ్లకు ఒక మాట చెప్పాలి. వెడల్పు పెరిగితే తోయవలసిన నీరూ పెరుగుతుంది, మిగతావన్నీ సమానమైతే వెడల్పు టైరే ముందుగా తేలుతుంది. కంపెనీ ఇచ్చిన కొలత మార్చకపోవడమే వానకు మేలు.

మొదట పోయిన దుకాణం పేరు రాయను, అక్కడ జరిగింది మాత్రం రాయాలి. మంచి కంపెనీ టైరే, ధర కూడా మిగతా చోట్లకన్నా ఒక్కోదానికి ఆరేడు వందలు తక్కువ చెప్పారు. కుర్రవాడు టైరును నడుముకు ఆనించి దొర్లించుకుంటూ తెచ్చి నా ముందు నిలబెట్టాడు. పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల తరువాత వచ్చే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడాలని నాకు అప్పటికే తెలుసు. మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. నాకు చూపిస్తున్న వైపు ఆ అంకెలు లేవు. టైరును తిప్పమని అడిగితే దుమ్ము పట్టిన రెండో వైపు, సుద్దముక్క గీత కింద, 1921 అని ఉంది. అంటే 2021 మే నెలలో తయారైన సరుకు, మూడేళ్లు దాటింది. "రబ్బరు ఏం పాడవుతుంది సార్, ఎండ తగలకుండా లోపల పెట్టి ఉండేదే కదా" అన్నాడు యజమాని. నీడలో సరిగ్గా నిల్వ ఉంచిన టైరు వెంటనే పాడవదన్నది నిజమే. కానీ రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. అయిదేళ్లు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించాలనీ, పదేళ్లకు గీతలు ఎంత ఉన్నా తీసివేయాలనీ తయారీదారులే చెబుతారు. ఆ అయిదేళ్లలో మూడేళ్లు దుకాణం అటక మీద గడిచిపోతే ఆరేడు వందల తగ్గింపు ఎవరికి లాభం? తేదీ ఉన్న వైపును గోడకు తిప్పి నిలబెట్టడం నాకు అన్నిటికన్నా నచ్చలేదు. అడగకుండానే ఆ అంకెలు చూపించే దుకాణంలోనే కొనాలి.

రెండో దుకాణం రేణిగుంట రోడ్డులో దొరికింది. అక్కడ పనిచేసే పెద్దాయన నేను అడగకముందే టైరును తిప్పి, వేలితో అంకెలు చూపించి, "3224, ఆగస్టు సరుకు సార్, చూసుకోండి" అన్నాడు. ఐఎస్ఐ గుర్తు కూడా అక్కడే చూశాను; కార్ల టైర్లకు మన దేశంలో ఐఎస్ 15633 ప్రమాణం ప్రకారం ఆ గుర్తు తప్పనిసరి. తడిపట్టు, దొర్లే నిరోధం, శబ్దం అనే మూడింటికీ కనీస హద్దులు నిర్దేశించే ఏఐఎస్ 142 ప్రమాణాన్ని అమలు చేస్తూ 2022 జూన్‌లో కేంద్ర రవాణా శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. అంతకుముందు తడిపట్టుకు కనీస హద్దు అనేది మన నియమాల్లో లేనే లేదు. ఇది చిన్న విషయం కాదు.

ఎంపికలు చాలానే ఉన్నాయి. ఎంఆర్ఎఫ్‌కు మన్నికలో పేరుంది, ఏ పల్లెలోనైనా దొరుకుతుంది. అపోలో ఆల్‌నాక్ 4జీ, సియట్ సెక్యూరాడ్రైవ్, యోకొహామా, బ్రిడ్జ్‌స్టోన్, గుడ్‌ఇయర్ అష్యూరెన్స్ ట్రిపుల్‌మ్యాక్స్ 2 అన్నీ ఈ కొలతలో వస్తాయి. అపోలో కర్మాగారం వరదయ్యపాళెం మండలం చినపండూరులో 2020 నుంచి నడుస్తోంది కాబట్టి ఆ పేరు మీద మనవాళ్లకు ఒక మమకారం ఉండడం సహజం. మా బంధువు ఒకాయన ఆ కారణంతోనే ఆల్‌నాక్ వేయించి తృప్తిగా ఉన్నాడు. నేను మిషెలిన్ వైపు మొగ్గడానికి కారణం ఒక్కటే. కొత్తగా ఉన్నప్పుడే కాక, అరిగిన తరువాత కూడా తడి రోడ్డు మీద బ్రేకు పట్టాలన్న లక్ష్యంతో ఈ టైరును తయారు చేశామని ఆ సంస్థ చెప్పుకుంటోంది. పూతలపట్టు తరువాత నాకు కావలసింది సరిగ్గా అదే. నాలుగు టైర్లు, బ్యాలెన్సింగ్, వీల్ అలైన్‌మెంట్, కొత్త వాల్వులు అన్నీ కలిపి ముప్పై వేలకు కొంచెం తక్కువ అయింది. అప్పుడు జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతానికి తగ్గింది కాబట్టి ఇప్పుడు కొనేవారికి కొంత వెసులుబాటు ఉంది.

నాలుగూ ఒకేసారి మార్చే వీలు అందరికీ ఉండదు. రెండే మారుస్తున్నప్పుడు కొత్తవి ఎక్కడ వేయాలన్న ప్రశ్న మీద ఆ దుకాణంలోనే ఒక వాదన విన్నాను. నా ముందు వచ్చినాయన ముందు చక్రాలకు వేయమంటున్నాడు. ఇంజను లాగేదీ, స్టీరింగు తిరిగేదీ ముందు చక్రాలే కదా అన్నది ఆయన మాట. పెద్దాయన ఒప్పుకోలేదు. "ముందు జారితే మీకు తెలుస్తాది సార్, కాలు తీస్తే సర్దుకుంటాది. వెనక జారితే తెలిసేలోపల బండి తిరిగిపోయి ఉంటాది" అన్నాడు. టైర్ల సంస్థలు చెప్పేది కూడా అదే, కొత్త జత ఎప్పుడూ వెనక చక్రాలకే. మన ఊరి మెకానిక్కుల్లో చాలామంది దీనికి విరుద్ధంగా చేస్తారు కాబట్టి, కొనేవారే గట్టిగా అడిగి వేయించుకోవాలి.

ఇక టైర్ల నడత. కొత్త టైర్ల మీద అచ్చు నుంచి వచ్చే జిడ్డు పొర ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపాను. ఆ తరువాత వచ్చిన మొదటి తేడా చెవికి తెలిసింది. నాయుడుపేట రోడ్డు మీద 80 వేగంలో పాత టైర్లు చేసే హోరు చాలావరకు తగ్గింది. గుంతల మీద దెబ్బ మెత్తగా తగులుతోంది. మైలేజీలో నేను గుర్తించగలిగినంత మార్పు లేదు. ఈ టైర్ల పక్కగోడ మెత్తన, గుంతలకు బుడగ వస్తుంది అన్న మాట చాలామంది నోట విన్నాను. నా నాలుగింటిలో ఇప్పటిదాకా దేనికీ రాలేదు. నేను గుంతల దగ్గర నెమ్మదిగా పోయే మనిషిని, అందువల్ల కూడా కావచ్చు.

తడిలో అసలు పరీక్ష తిరుమల ఘాట్ రోడ్డు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డును ఇప్పుడు దిగడానికి వాడుతున్నారు, దానిలో 36 మలుపులు ఉన్నాయి. 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఎక్కడం టైర్లకు పెద్ద కష్టం కాదు, వేగం తక్కువ, బరువు వెనక్కు ఉంటుంది. దిగేటప్పుడు బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది, ప్రతి మలుపు ముందూ బ్రేకు వేయాలి, తిప్పాలి. అక్కగార్ల గుడి దగ్గరి మలుపుల్లో వానాకాలం చెట్ల ఆకులు రాలి రోడ్డుకు అతుక్కుని ఉంటాయి, కొండ నుంచి ఎర్రమట్టి నీళ్లు అడ్డంగా పారుతుంటాయి. పాత టైర్లతో ఆ మలుపుల్లో బ్రేకు మీద కాస్త బరువు వేయగానే పాదం కింద పెడలు దడదడమని కొట్టుకునేది. చక్రం జారబోతోందని తెలిసి ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) బ్రేకును వదిలి పట్టే చప్పుడు అది. చాలామంది ఆ దడదడ విని ఏబీఎస్ కాపాడుతోందని ధైర్యం తెచ్చుకుంటారు. ఏబీఎస్ ఉన్న పట్టును వాడుకుంటుంది, లేని పట్టును పుట్టించదు. కొత్త టైర్లతో 2024 డిసెంబరులో రెండు సార్లు, 2025 వానల్లో మూడు సార్లు జడివానలో దిగాను. రెండో గేరులో, ఎప్పటి వేగంలోనే, అవే మలుపుల్లో ఆ దడదడ ఒక్కసారి మాత్రమే వచ్చింది, అది కూడా తడిసిన తెల్లగీత మీద చక్రం పడినప్పుడు. ముందు చక్రాలు ఎక్కడ ఉన్నాయో స్టీరింగులో చేతికి తెలుస్తోంది. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం ఎలాగూ ఉంది. దానిని పాటించేవారికి ఈ టైర్లు అవసరమైన దానికన్నా ఎక్కువ పట్టే ఇస్తాయి.

రహదారి మీద కూడా కావాలనే అదే చోటును మళ్లీ చూశాను. పూతలపట్టు దాటాక రోడ్డు వాలిన ఆ చోట 2025 నవంబరులో నీళ్లు అలాగే పరుచుకుని ఉన్నాయి. ఈసారి 65 వేగంలో, గాలి సరిగ్గా ఉంచుకుని పోయాను. చక్రాల కింద నీళ్లు చీలి రెండు పక్కలా లేచిన హోరు వినిపించింది గానీ స్టీరింగు బరువు మారలేదు. వేగం వేరు కాబట్టి ఇది సరిసమానమైన పోలిక కాదు; 85లో పోయి చూడాలన్న కోరిక నాకు లేదు.

ఏ టైరూ చేయలేనివి కూడా ఉన్నాయి. చాలా రోజుల ఎండ తరువాత పడే మొదటి జల్లులో, రోడ్డు మీది నూనె, దుమ్ము నీటితో కలిసి సబ్బులాగా మారే తొలి అరగంటలో మంచి టైరు కూడా జారుతుంది. నిలిచిన నీటి లోతు తెలియని చోట టైరుకు పనే లేదు. తిరుపతిలో వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే వంతెన కింద 2021 అక్టోబరులో వాహనం నీళ్లలో చిక్కుకుని ఒక ప్రాణం పోయిన సంగతి ఊళ్లో ఎవరూ మరచిపోలేదు. వాన పడిన రాత్రి నేను ఆ వంతెన కింది దారి వదిలి చుట్టు తిరిగి పోతాను. పలమనేరు దాటాక డిసెంబరు తెల్లవారుజామున పట్టే పొగమంచులో కూడా రోడ్డు తడిగానే ఉంటుంది, కానీ అక్కడ కావలసింది వేగం తగ్గించడమే.

గాలి విషయంలో నైట్రోజన్ పట్టించమని ప్రతి చోటా అడుగుతారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది; తడిపట్టుకు దానికీ సంబంధం లేదు. పదిహేను రోజులకు ఒకసారి, చక్రాలు చల్లగా ఉన్న ఉదయం పూట, డ్రైవరు తలుపు దగ్గర అతికించిన చీటీలో ఉన్నంత గాలి పట్టించడం నైట్రోజన్ కన్నా ఎన్నో రెట్లు మేలు. స్టెప్నీకి కూడా పట్టించాలి. మా పాత స్టెప్నీలో ఆ రోజు 14 పీఎస్ఐ ఉంది.

ధర ఎక్కువ అన్నది ఈ టైర్ల మీద నేను చెప్పగల ఒకే అభ్యంతరం. ఊళ్లోనే తిరుగుతూ ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు దాటనివారికి ఇంతకన్నా తక్కువ ధరలో, కొత్త తేదీ ఉన్న ఏ మంచి కంపెనీ టైరైనా చాలు. వారానికొకసారి రహదారి ఎక్కేవారికీ, కుటుంబంతో ఘాట్ దిగేవారికీ ఈ టైరును నేను సందేహం లేకుండా సిఫారసు చేస్తాను. కొత్తలో నా పరికరంలో 7.6 మిల్లీమీటర్లు చూపిన గీతలు, ఒకసారి ముందువి వెనక్కు మార్చిన తరువాత, నిన్న ఉదయం కొలిస్తే ముందు చక్రాలకు 6.1, వెనక చక్రాలకు 6.5 ఉన్నాయి. మళ్లీ సెప్టెంబరు మొదటి వారంలో కొలుస్తాను.